మీ తాత ఫోటో వేయనన్న ప్రింటరు

చిన్నూ, అమ్ములూ, ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. మీ అవ్వ దయ్యాలను నమ్మే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో అడవి అంచుకు కట్టెలకు పోయి, పొద్దు గూకాక మోపు నెత్తిన పెట్టుకుని ఒక్కదాన్నే వచ్చేదాన్ని. దారి శ్మశానం పక్కనుంచే. ఇన్నేళ్ళలో నా వెంట పడింది ఒకే ఒకసారి, అది కూడా కుక్క. పక్కింటి సుబ్బమ్మ వాళ్ళ కుక్క.

మొన్న ఫోనులో మీరిద్దరూ "అవ్వా, మామ వాళ్ళ ప్రింటరుకు తాత పూనాడంట గదా" అని ఒకటే నవ్వు. మీ అమ్మ సగం విని సగం చెప్పినట్టుంది. పూనాడో లేదో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. పుణేలో పెద్ద బడిలో చదువుకుంటున్నారు, మీరే తేల్చండి.

మీ తాతకు ఫోటో అంటే పడేది కాదు. భయం కాదు, సిగ్గు. మీ అమ్మ పెళ్ళి ఆల్బమ్ తీసి చూడండి. సొంత కూతురి పెళ్ళిలో ఆయన మూడు చోట్ల ఉంటాడు. ఒక దాంట్లో వీపు. ఒక దాంట్లో మోచెయ్యి. ఇంకో దాంట్లో శామియానా గుంజ వెనక నుంచి తలగుడ్డ కొస.

ఆ తలగుడ్డ మీకు గుర్తుండే ఉంటుంది. తెల్ల తువ్వాలు, ఎర్ర అంచు. పొద్దున లేచి ముఖం కడగక ముందే కట్టేవాడు. చేనికి పోయినా, కొమరోలు సంతకు పోయినా, ఇంట్లో అన్నానికి కూర్చున్నా తల మీద అది ఉండాల్సిందే. మా ఇళ్ళల్లో పెద్ద మగవాళ్ళు నలుగురిలో తలగుడ్డ విప్పేది రెండే చోట్ల. దేవుడి ముందర, శవం ముందర.

అలాంటి మనిషిని ఆధార్ కార్డు తీసేటప్పుడు "ముఖం పూర్తిగా కనపడాల పెద్దాయనా, గుడ్డ తీయి" అన్నారు. తీయక తప్పలేదు. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు. "అంతమంది ముందర నన్ను బోడి తలతో కూర్చోబెట్టినారు. ఎవురో సచ్చినట్ల ఉండాది" అని, ఆ కార్డు తీసుకుపోయి ట్రంకు పెట్టె అడుగున పడేశాడు. మళ్ళీ దాని ముఖం చూడలేదు.

ఆయన ముఖం తిన్నగా ఉన్న ఫోటో ఈ భూమ్మీద అదొక్కటే.

ఇప్పుడు మీ అమ్మకు కూడా చెప్పని మాట ఒకటి మీకు చెప్తాను. ఆయన సంవత్సరీకం ఇంకో నెల ఉందనగా, ఒక పొద్దున పాలు కాస్తూ ఆయన ముఖం తలుచుకున్నాను. రాలేదు. నడక వచ్చింది. దగ్గు వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గర దులిపే చప్పుడు వచ్చింది. ముఖం ఉండాల్సిన చోట తలగుడ్డ ఒక్కటే కనపడుతోంది, కింద ఏమీ లేదు. యాభై ఏళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెట్టిన ముఖం. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

ట్రంకు పెట్టె తీసి కార్డు చూశాను. నా కళ్ళకు ఆ బొటనవేలంత ఫోటో మసక తప్ప ఇంకేం కాదు. మీ మామ ఫోనులో పెద్దది చేసి చూపించాడు. ఫోను వెలుగుకు నాకు కళ్ళ నీళ్ళు కారడమే గానీ మనిషి కనపడడు. అందుకని పట్టుబట్టాను. సంవత్సరీకం నాటికి గోడ మీద ఆయన పటం ఉండాలి, పెద్దది, నేను మంచం మీద నుంచి చూసినా ముఖం తెలియాలి అని.

మీ మామ ముందు గిద్దలూరులో ఒక స్టూడియోలో ఇచ్చాడు. నాలుగు రోజులకు పటం వచ్చింది. నీలం కోటు, టై, నల్లగా దువ్విన జుట్టు, వెనక జలపాతం. సుబ్బమ్మ వచ్చి చూసి, "ఎవురు వదినా ఈ కలెక్టరు?" అంది. తిప్పి పంపించేశాను.

అప్పుడు మీ అత్త రమాదేవి అంది. "ఇంట్లో ప్రింటరు పెట్టుకోని బయట తిరగడమెందుకత్తా? మంచి కాగితం తెప్పిస్తా, రంగుల్లో తీస్తా, కోటు లేకుండా."

ఆ ప్రింటరు మీ అత్తది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు గదా, ప్రశ్నపత్రాల కోసం కొన్నది. ముందు గదిలో బల్ల మీద ఉంటుంది. దానికి ఫోనుకు మధ్య వైరు లేదు. నడిమింట్లో గోడ గూట్లో రౌటరు ఉంటుంది, రెండు కొమ్ములున్న తెల్ల డబ్బా. ఫోను చెప్పిన మాట అది అందుకుని ప్రింటరుకు చేరవేస్తుందట. రెండేళ్ళుగా ఏ రోజూ మొరాయించలేదు. ఊళ్ళో సగం మంది జిరాక్సులు మా ఇంట్లోనే.

సంవత్సరీకానికి వారం ముందు, ఆదివారం పొద్దున, మీ అత్త కార్డు ఫోటోను ఫోనులోకి తీసింది. ఏం పేరుతో దాచమంటావు అత్తా అని అడిగింది. నేను ఆయన పేరు పలకను గదా. "ఆయన అని పెట్టమ్మా" అన్నాను. అట్లాగే పెట్టింది. ఫోను నొక్కింది. ప్రింటరు ఒకసారి గుర్రుమని, ఆగి, ఎర్ర దీపం వెలిగించింది. ఫోనులో చూస్తే ప్రింటరు ఆఫ్‌లైన్ అని ఉంది.

మీ మామ వచ్చి స్విచ్చి ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేశాడు. పచ్చ దీపం వచ్చింది. ఫోటో పంపాడు. ఎర్ర దీపం. ఇదేందని మీ అత్త ఆరో తరగతి సైన్సు పేపరు పంపింది. ముప్పై కాగితాలు గలగలా వచ్చి పడ్డాయి. మళ్ళీ ఫోటో పంపింది. ఆఫ్‌లైన్.

ఆ రోజు ఎన్నిసార్లు చేశారో నేను పక్కనే కూర్చుని చూశాను. సైన్సు వస్తుంది, లెక్కలు వస్తాయి, సుబ్బమ్మ రేషను కార్డు జిరాక్సు వస్తుంది. ఆయన రాడు.

మర్నాడు నెట్టు బాషాను పిలిపించాము. మా పక్క ఊళ్ళన్నిటికీ కేబులు లాగింది అతనే. నలభై ఏళ్ళ మనిషి, ఆ పనిలో జుట్టంతా పోయింది. వచ్చీ రాగానే గూడు దగ్గరికి పోయి నిలబడిపోయాడు.

"పెద్దమ్మా, ఈ గిన్నె ఏంది?"

ఒప్పుకుంటాను, అది నా పనే. ఆ గూట్లో బల్లులు తిరుగుతాయి. పైనుంచి బల్లి పడితే ఆ డబ్బా పాడైపోతుందేమోనని సత్తు గిన్నె బోర్లించాను. కొమ్ములు మునిగేంత గిన్నె. బోర్లించి ఆర్నెల్లయింది.

"ఆర్నెల్లనుంచి నెట్టు నిదానమని శీనయ్యన్న నాతో కొట్లాడతాండాడు," అన్నాడు బాషా, మీ మామ వైపు చూస్తూ. "చారు గిన్నె కింద పెట్టి నన్ను తిడతాండారు. మీ దగ్గర ఎట్ల పని చేసిందో దానికే తెలియాల."

"బల్లి పడితే నువ్వు వస్తావా రాత్రికి రాత్రి?" అన్నాను.

"వస్తా గదా పెద్దమ్మా. గిన్నె పెట్టినా వచ్చినా గదా."

గిన్నె తీశారు. బల్లుల సంగతి నేను చూసుకుంటానని నా గిన్నె నేను తీసుకుపోయాను. మీ మామ ఊపిరి పీల్చుకుని ఫోటో పంపాడు. ఎర్ర దీపం.

అప్పుడు బాషా కూర్చుని సరిగ్గా చూశాడు. రౌటరు రెండు పేర్లతో నెట్టు ఇస్తుందట. ఫోను ఒక పేరు పట్టుకుంది, ప్రింటరు ఇంకో పేరు పట్టుకుంది. "ఇది ఈ ఇంట్లో, అది పక్కింట్లో కూర్చోని పిలుచుకుంటాండాయి, అందుకే వినపడలా" అని రెంటినీ ఒక పేరుకు తెచ్చాడు. తర్వాత మీ అత్త జడపిన్ను అడిగి తీసుకుని, రౌటరు వెనక చిన్న బొక్కలో పొడిచి పట్టుకున్నాడు. అట్లా పొడిస్తే అది అంతా మరిచిపోయి కొత్తగా పుడుతుందట. కొత్త పాస్‌వర్డు కావాలన్నాడు. మీ మామ వాళ్ళ నాయన పేరు పెట్టమన్నాడు. అంతే, అప్పటి నుంచి ఇంటికొచ్చిన వాళ్ళు పాస్‌వర్డు అడిగితే నేను చెప్పలేను. వంటింట్లో ఉన్న మీ అత్తను కేకేయాల్సిందే.

మిషను బాగుందో లేదో చూడ్డానికి కాగితం ఒకటి తీశాడు బాషా. ఎరుపు, నీలం, పసుపు చారలు చక్కగా వచ్చాయి. ఫోటో పంపాడు. రాలేదు. ప్రింటరుకు లాప్‌టాప్‌కు మధ్య వైరు పెట్టాడు. ఈసారి కదిలింది, కాగితం సగం లోపలికి పోయి ఇరుక్కుంది. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని లాగితే చినిగి వచ్చింది, తెల్లగా.

ఫైల్లో లోపముందేమోనని కార్డు మళ్ళీ ఫోటో తీసి పంపారు. రాలేదు. చివరికి బాషా తన ఆధార్ ఫోటోనే తీసి పంపి చూశాడు. ఒక్క నిమిషం పట్టలేదు. ఒకే కాగితం మీద ఎనిమిది మంది బాషాలు వచ్చారు. ఎనిమిది గుండ్లూ నిగనిగలాడుతున్నాయి.

అతను ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "పదిహేనేండ్లయింది పెద్దమ్మా ఈ పని పట్టి. మిషన్లకు మనుషుల మీద పంతం ఉండదు. ఇది మాత్రం..." అని ఆగిపోయాడు.

గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న సుబ్బమ్మ ఆ మాట పూర్తి చేసింది. "మిషను కాదురా నాయనా, మనిషి. అన్నకు ఇష్టంల్యా. బతికినన్నాళ్ళు ఫోటోకు దొరకని మనిషి, ఇప్పుడు దొరుకుతాడా?" వాళ్ళింటికి పోయి నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి రౌటరు కొమ్ముకు కట్టింది. మీ మామ వద్దంటుంటే బాషానే, "కట్టుకోనీయన్నా, గ్యారంటీ ఏం పోదులే" అన్నాడు.

నిమ్మకాయ వాడిపోయింది గానీ ఫోటో రాలేదు.

సంవత్సరీకం రోజు రానే వచ్చింది. పది గంటలకు తంతు జరిపించే అయ్యవారు వస్తారు. ఎనిమిదికే చుట్టాలు దిగుతున్నారు, మీ బడి ఉందని మీరే రాలేకపోయారు. పటం కట్టించడానికి తెచ్చిన ఫ్రేము ఖాళీగానే గోడకు తగిలించి ఉంది, లోపల నల్ల అట్ట, పైన అద్దం. చేతిలో బంతిపూల దండ ఉంది, మేకు ఉంది, ఊరుకోవడం ఎందుకని సుబ్బమ్మ దానికే దండ వేసేసింది.

పొదిలి నుంచి మా పెద్ద ఆడబిడ్డ వచ్చింది, తాతకు అక్క. వస్తూనే ఏడుస్తూ నేరుగా పటం దగ్గరికి పోయి దండం పెట్టబోయింది. దండ మధ్యలో తన ముఖమే కనపడింది. అట్లాగే రెండడుగులు వెనక్కు వేసి, "ఏమే, నేనింకా బతికే ఉండాను గదా!" అని అరిచింది. ఏడవడానికి వచ్చిన వాళ్ళంతా నవ్వారు. మీ అత్త కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

నేను నవ్వలేకపోయాను. ఆ అద్దంలో అందరి ముఖాలూ కనపడుతున్నాయి. ఆయనది తప్ప.

ముందు గదిలోకి పోయాను. మీ మామ ఆ పొద్దున అప్పటికి పద్నాలుగోసారి పంపి, విసిగి, ఫోను జేబులో వేసుకుని అయ్యవారిని తీసుకురావడానికి పోతున్నాడు. లాప్‌టాప్ మూసి ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది. తలుపు దగ్గరికి వేసి, ప్రింటరు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. మీరు నవ్వితే నవ్వండి, దాన్ని తిట్టాను. గట్టిగా కాదు, నేను గట్టిగా తిట్టలేను గదా.

"ఏంది నీ కథ? ఒక్క కాగితం అడిగినా. పొలం అడిగినానా, నగ అడిగినానా? నీ ముఖం నాకు మరుపుకొస్తాండాదయ్యా. ఇంత మంది వచ్చి అద్దానికి దండం పెడతాండారు. ఇంత సిగ్గేంది నీకు, బోడి తలతో ఉంటే ఏమాయ..."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే తట్టింది.

ఆ ఫోటోలో ఆయన తల మీద గుడ్డ లేదు. ఆయన ట్రంకు అడుగున దాచుకున్న ఫోటోను మేము తీసి, పెద్దది చేసి, చుట్టాలందరి ముందర గోడకు తగిలించబోతున్నాము. బతికుండగా ఒక్కరోజు అట్లా కూర్చోబెట్టినందుకే అన్నం మానేసిన మనిషిని.

ఆయన పోయాక బట్టలన్నీ ఇచ్చేశాము. ఒక్క తువ్వాలు మాత్రం నేను ఇవ్వలేదు. నా చీరల కింద పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. అది తెచ్చాను. ఉతికిందే గానీ ఆయన వాసన కొద్దిగా ఉంది. ప్రింటరు పైన పరిచి, రెండు కొసలూ వెనకకు తిప్పి, ఆయన కట్టుకున్నట్టే కట్టాను. కాగితం వచ్చే దారి వదిలిపెట్టాను. అంత తెలివి ఉంది నాకు.

"సరేనా?" అన్నాను.

ఎర్ర దీపం ఆరింది. పచ్చది వెలిగింది. లోపల గుర్రుమని చప్పుడు. నేను లేచి నిలబడ్డాను. చప్పుడు విని మీ అత్త తలుపు తోసుకుని వచ్చింది. "ఎవురు పంపినారత్తా?" అంది. తువ్వాలు చూసి నా పక్కకు వచ్చింది. ఇద్దరం చెయ్యి చెయ్యి పట్టుకుని చూస్తూ ఉన్నాము. కాగితం వేలెడు వేలెడు బయటికి వస్తోంది.

ముందు నుదురు వచ్చింది. తర్వాత కళ్ళు. ఎడమ కనుబొమ్మ కింద చిన్న మచ్చ, ఎప్పుడో బండి కాడి తగిలింది. ఆ మచ్చ ఉందన్న సంగతే నేను మరిచిపోయాను. అది కనపడగానే మొత్తం ముఖం నాకు లోపలి నుంచి వచ్చేసింది, కాగితం ఇంకా సగం లోపలుండగానే.

కాగితం చేతికి తీసుకున్నాక మీ అత్తే ముందు చూసింది. "అత్తా, పైన చూడు" అంది.

నుదుటి పైన, తల ఉండాల్సిన చోట, నాలుగు వేళ్ళ వెడల్పున అడ్డంగా రంగు పడలేదు. తెల్లగా వదిలేసింది. కొంచెం ఏటవాలుగా, ఎడమ చెవి మీదికి దిగి. ఆయన కట్టు అట్లాగే ఉండేది, ఎడమ చెవి మీదికి.

అయ్యవారు వచ్చేసరికి పటం గోడ మీద ఉంది. మా ఆడబిడ్డ రెండోసారి దగ్గరికి పోయి, ముందు జాగ్రత్తగా పక్కనుంచి తొంగి చూసి, "వీడేరా మా తమ్ముడు" అని అప్పుడు ఏడ్చింది. వెనకున్న గోడ రంగు కూడా చక్కగా వచ్చింది, తల దగ్గర ఒక్కటే తెలుపు.

బాషాను కూడా భోజనానికి పిలిచాము. ఫోటో చూసి చాలాసేపు లెక్కలు వేశాడు. పంపినవన్నీ లోపల వరసలో ఉండిపోతాయట, సిగ్నలు కుదిరినప్పుడు వస్తాయట. రంగు సన్నని బొక్కల్లోంచి పడుతుందట, అవి మూసుకుపోతే తెల్ల గీత వస్తుందట.

"మరి ఒక్క పొద్దటికే పద్నాలుగు సార్లు పంపితే ఒక్కటే ఎందుకొచ్చింది బాషా?" అని మీ మామ అడిగాడు. "అయ్యవారిని తెచ్చినాక నేను వంటల లిస్టు తీసినా, దాంట్లో తెల్ల గీత యాడుంది?"

బాషా విస్తరి వైపు వంగి, "పాయసం ఇంకొంచెం వేయండక్కా" అన్నాడు.

మీ అమ్మకు పంపుదామని తర్వాత ఇంకో కాపీ కోసం ప్రయత్నం చేశారు. ఎర్ర దీపం. తువ్వాలు ఉన్నా ఎర్ర దీపమే. అడిగిన ఒక్క కాగితం ఇచ్చాను గదా అన్నట్టు. అప్పటి నుంచి ఆ తువ్వాలు ప్రింటరు మీదే ఉంది. వేడెక్కుతుందని మీ మామ రెండుసార్లు తీశాడు, మీ అత్త రెండుసార్లు మళ్ళీ కట్టింది. అర్ధ సంవత్సరం పరీక్షల ముందర నేనెందుకు పెట్టుకోవాల దాంతో అంటుంది. పిల్లలకు ఎవరికీ తెలియదు, వాళ్ళ ప్రశ్నపత్రాలు తలగుడ్డ కట్టుకున్న మిషను నుంచి వస్తున్నాయని.

ఇంత చెప్పాక కూడా నేను దయ్యాలను నమ్మను. తువ్వాలుకు, రౌటరుకు ఏం సంబంధమో నాకు తెలియదు. బాషాకు తెలియదు. అయ్యవారికీ తెలియదు. నేను ఒక్కటే చెప్పగలను. ఇప్పుడు పాలు కాస్తూ తలుచుకుంటే ముఖం వస్తోంది, మచ్చతో సహా. ఎందుకొచ్చిందో, ఎట్లా వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

ఫోటో చూపించమని అడిగారు గదా. నిన్న మీ అత్త గోడ మీద పటాన్ని ఫోనులో తీసి మీ అమ్మకు పంపింది. పొద్దున చూస్తే ఒకే టిక్కు, చేరలేదు. నెట్టు బాగానే ఉంది, దాని వెనక పంపిన నిమ్మకాయ పచ్చడి ఫోటోకు రెండు టిక్కులు వచ్చాయి. మళ్ళీ పంపాము. ఒకే టిక్కు.

కాబట్టి సెలవులకు వచ్చి చూసుకోండి నాయనా. ఆయన వచ్చేట్టు లేడు, మీరే రావాలి.